పాత కారులో బ్రేకు, స్టీరింగు ఇబ్బందులు: లోపం ఏ భాగంలో ఉందో ఇంటి దగ్గరే తేల్చుకునే పద్ధతి

పాత కారు నడిపేవాళ్లం మెకానిక్ దగ్గరికి వెళ్లి చెప్పే మాట సాధారణంగా "స్టీరింగు లాగుతోంది" అనో "బ్రేకు సరిగ్గా పట్టడం లేదు" అనో ఉంటుంది. ఈ రెండు మాటల్లో ఏదీ లోపం ఎక్కడుందో చెప్పదు. బ్రేకులో ఉన్న లోపం చేతికి స్టీరింగు లోపంలా తెలుస్తుంది. స్టీరింగు జాయింటులో ఉన్న అరుగుదల బ్రేకు తొక్కినప్పుడే బయటపడి బ్రేకు లోపంలా తోస్తుంది. టైరులో గాలి తగ్గితే రెండూ చెడిపోయినట్టే ఉంటుంది. అందువల్ల భాగాలు మార్చడం మొదలుపెట్టకముందే, డబ్బు ఖర్చు కాని పరీక్షలను ముందు, విప్పాల్సిన పరీక్షలను తరవాత చేసుకుంటూ పోతే, మార్చవలసిన వస్తువు ఒక్కటే మిగులుతుంది. మారుతి 800, జెన్, శాంత్రో వంటి చిన్న కార్లను, అంటే ముందు చక్రాలకు డిస్కు (పళ్లెం లాంటిది, దాన్ని రెండు వైపులా ప్యాడ్లు నొక్కుతాయి), వెనక చక్రాలకు డ్రమ్ము (గిన్నె లాంటిది, లోపలి నుంచి షూలు ఆనుకుంటాయి) బ్రేకులు ఉండి ర్యాక్ స్టీరింగుతో (పళ్ల కడ్డీ పక్కకు జరిగి చక్రాలను తిప్పే రకం) నడిచే బండ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

లోపం ఎప్పుడు కనిపిస్తుందో ముందు రాసుకోండి

విప్పే ముందు కారును ఒకసారి శ్రద్ధగా నడిపి చూడాలి. పెడల్ నేలదాకా పోతున్నా, బ్రేక్ ఆయిల్ కారుతున్నా, స్టీరింగు తిప్పితే చక్రం ఆలస్యంగా కదులుతున్నా ఈ పని చేయకండి. అలాంటి బండిని రోడ్డెక్కించకూడదు. అవేవీ లేకపోతే తెల్లవారుజామున, మనుషులు, బండ్లు లేని సమతలమైన రోడ్డు చూసుకోండి. హైదరాబాద్‌లో ఉప్పల్ భగాయత్ లేఅవుట్ వైపు ఉన్న వెడల్పాటి రోడ్ల వంటివి ఇందుకు బాగుంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు దీనికి తగదు. అక్కడి వేగాల మధ్య పరీక్షలు చేయడం మీకూ ప్రమాదం, వెనక వచ్చేవారికీ ప్రమాదం.

గంటకు 40 కి.మీ. దాటకుండా నాలుగు సందర్భాలను విడివిడిగా గమనించండి: సమ వేగంతో పోతున్నప్పుడు, యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు, బ్రేకు మెల్లగా తొక్కినప్పుడు, తొక్కి వదిలిన వెంటనే. ఒక్కో సందర్భంలో కారు ఎటు జరిగింది, చేతికి ఏం తెలిసింది, కాలికి ఏం తెలిసింది అనేది బండి ఆపాక కాగితం మీద రాసుకోండి. చివరిదైన నాలుగో సందర్భాన్ని చాలామంది పట్టించుకోరు. ఎంతో విషయం అక్కడే దొరుకుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. వాన నీరు పక్కకు పోవడానికి మన రోడ్లను మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు కాబట్టి ఎడమ పక్కన నడిచే కారు కాస్త ఎడమకు జరగడం లోపం కాదు. రోడ్డు వాలు ఎలా ఉన్నా ఒకే వైపు గట్టిగా లాగితేనే లోపం.

టైర్లతో మొదలుపెట్టండి

రాత్రంతా నిలిచి చల్లబడిన టైర్లలో గాలి కొలిపించండి. ఎంత ఉండాలో డ్రైవర్ వైపు తలుపు దగ్గర అతికించిన చీటీ మీదగానీ, కారుతో వచ్చిన పుస్తకంలోగానీ ఉంటుంది. ముందు టైర్లు రెండింట్లో గాలి సమానంగా ఉండాలి. తక్కువ ఉన్న వైపుకే కారు లాగుతుంది. తరవాత అరుగుదల చూడండి. లోపలి అంచు లేదా బయటి అంచు మాత్రమే అరిగితే చక్రాల అమరిక తప్పిందని, అరచేతితో అడ్డంగా నిమిరినప్పుడు ఒక వైపు నునుపుగా, ఎదురు వైపు రంపపు పళ్లలా తగిలితే టై రాడ్ల (స్టీరింగు కదలికను చక్రాలకు అందించే కడ్డీల) సర్దుబాటు తప్పిందని అర్థం. గాడి లోతు 1.6 మి.మీ. కన్నా తగ్గిన టైరుతో ఏ బ్రేకూ సరిగ్గా పనిచేయదు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. అది 2319 అయితే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి మిగిలి ఉన్నా, ఏళ్ల తరబడి ఎండలో నిలిచి పక్క గోడలు నెరదీసిన టైరును నమ్మకండి.

గాలి సరిగ్గా ఉన్నా కారు లాగుతుంటే ముందు టైర్లు రెండింటినీ కుడి ఎడమలు మార్చి బిగించి చూడండి. తిరిగే దిశను సూచించే బాణం గుర్తు ఉన్న టైర్లకు మాత్రం ఇది పనికిరాదు. లాగే వైపు మారిపోతే దోషం టైరుదే. మారకపోతే ముందుకు పోదాం.

అపార్టుమెంటు సెల్లారులో పని చేసేటప్పుడు

సెల్లారు నేల చదునుగా కనిపించినా నీరు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. కాబట్టి నేల మీదే ఉండే చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టకుండా జాకీ ఎత్తకండి. కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికే. దాని మీద నిలిచిన కారు కిందికి తల పెట్టకూడదు. రెండు గట్టి ఇనుప స్టాండ్లు కొనుక్కోండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఆటో విడిభాగాలు అమ్మే షాపుల్లో ఇవి దొరుకుతాయి. స్టాండ్ల మీద దించాక కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, కదలలేదని నిర్ధారించుకున్నాకే చక్రం విప్పండి. ఇటుకలు స్టాండుకు బదులు కావు. బరువు పడితే ఒక్కసారిగా పగిలిపోతాయి. స్టాండ్లు కాక టార్చి, వీల్ స్పానర్, రింగ్ స్పానర్లు, సన్నని పారదర్శక పైపు ఒక మూర, ఖాళీ సీసా, పాత గుడ్డలు ఉంటే చాలు.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ చూడండి

మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) మీది డబ్బాలో ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం మెల్లగా తగ్గడం సహజం. నెలలోనే గీత కిందికి దిగితే ఎక్కడో కారుతున్నట్టు. తగ్గిందని నింపేసి మూత పెట్టేయడం వల్ల, ప్రమాదాన్ని ముందుగా చెప్పే ఒకే ఒక్క గుర్తును మనమే చెరిపేసినట్టవుతుంది. కారణం దొరికాకే నింపండి.

రంగు కూడా చూడండి. కొత్త ఆయిల్ లేత పసుపుగా ఉంటుంది. అది కాఫీ రంగుకు వచ్చిందంటే మార్చే సమయం దాటిపోయింది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ అన్నది బ్రేక్ ఆయిల్ రకాన్ని సూచించే గుర్తు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు, డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే చక్రాల దగ్గర ఆయిల్ అంత వేడెక్కి మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు తగులుతుంది గానీ చక్రం పట్టదు. అందుకే రెండేళ్లకొకసారి ఆయిల్ పూర్తిగా మార్చాలి, ఘాట్ ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. మూత మీద ఏ రకం రాసి ఉంటే ఆ రకమే పోయండి. డాట్ 5 అన్నది సిలికాన్‌తో చేసిన వేరే రకం, దాన్ని వీటితో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్‌గానీ పెట్రోల్‌గానీ చుక్క కలిసినా లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కాబట్టి బాడీ మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.

పెడల్ చెప్పేది వినండి

ముందుగా పెడల్ కింద మ్యాటు అడ్డం పడలేదని చూసుకోండి. తరవాత ఇంజిన్ ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కండి. ప్రతిసారికీ గట్టిపడాలి. గట్టిపడ్డ పెడల్‌ను తొక్కి పట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే అది కాలి కింద కొద్దిగా దిగాలి. దిగితే బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో మన కాలి బలానికి సాయపడే భాగం) పనిచేస్తోంది. దిగకుండా రాయిలా ఉండిపోతే ఇంజిన్ నుంచి బూస్టర్‌కు పోయే వాక్యూమ్ పైపు పగిలిందా, ఊడిందా, దానిలోని వాల్వు పోయిందా చూడండి. పెడల్ దగ్గర బుస్సుమని గాలి పీల్చే శబ్దం వస్తుంటే బూస్టర్ లోపలి పొర చిరిగిందని అనుకోవచ్చు.

ఇప్పుడు ఇంజిన్ నడుస్తుండగానే పెడల్‌ను ఒక మోస్తరు బలంతో తొక్కి అరనిమిషం పట్టి ఉంచండి. అది కదలకుండా నిలవాలి. మెల్లమెల్లగా కిందికి జారుతోందంటే బయట ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లు ఒత్తిడిని వదిలేస్తున్నాయి. నాలుగు చక్రాల లోపలి వైపు, పైపుల పొడవునా, మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కు అతికే చోట తడి లేకపోతే లోపలి వాషర్లే కారణం. ఇది ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు మొదటిసారి తెలుస్తుంది. "కాలు కాస్త దిగినట్టుంది" అని అనిపించి మరిచిపోతాం. మరిచిపోకండి. ఆ సిలిండర్ బాగయ్యేదాకా బండి తీయకూడదు.

పెడల్ మొదటిసారి బాగా లోపలికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వస్తే రెండు కారణాలుంటాయి: పైపుల్లో గాలి ఉండటం, లేదా వెనక బ్రేకు షూలకు డ్రమ్ముకు మధ్య సందు పెరగడం. రెంటినీ వేరు చేయడానికి సులువైన ఉపాయం ఉంది. హ్యాండ్ బ్రేకును పూర్తిగా లాగి పెడల్ తొక్కండి. షూలు డ్రమ్ముకు ముందే ఆనుకుని ఉంటాయి కాబట్టి, ఇప్పుడు పెడల్ ఎత్తులోనే గట్టిగా నిలిస్తే కారణం వెనక సందు. ఆ సందును సర్దే అడ్జస్టర్ తిప్పితే సరిపోతుంది. హ్యాండ్ బ్రేకు లాగినా స్పాంజిలా మెత్తగానే ఉంటే గాలి తీయాలి.

నడుస్తుండగా బ్రేకు పోతే ఏం చేయాలో ఇక్కడే చెప్పడం మంచిది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న 11.6 కి.మీ. ఎక్స్‌ప్రెస్‌వే వంటి చోట పక్కకు తీసి ఆపుకునే వీలు తక్కువ కాబట్టి చేతులకు ఇది ముందే తెలిసి ఉండాలి. పెడల్‌ను గబగబా పంపు కొట్టినట్టు తొక్కండి, హజార్డ్ లైట్లు వేయండి, గేరు ఒక్కొక్కటిగా తగ్గించండి, హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టి కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారిపోతాయి. బండి ఆగేదాకా తాళం తిప్పకండి. ఇంజిన్ ఆగితే బూస్టర్, పవర్ స్టీరింగు పోతాయి, తాళం బయటికి వస్తే స్టీరింగు లాక్ అవుతుంది.

బ్రేకు తొక్కితే ఒక వైపు, వదిలితే మరో వైపు

ఈ ఒక్క లోపం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దీని వల్లే నేను అనవసరంగా డబ్బు పోగొట్టుకున్నాను. నా 2005 నాటి చిన్న కారు ఎడమకు లాగుతోందని ఒక వర్క్‌షాపులో చెప్పాను. వాళ్లు స్టీరింగు ర్యాక్ మార్చారు, అలైన్‌మెంట్ (చక్రాల అమరిక) రెండుసార్లు చేశారు. బంజారాహిల్స్ దిగువన సిగ్నల్ దగ్గర ఆగి బయలుదేరగానే మళ్లీ ఎడమకు లాగింది. తప్పు వాళ్లదొక్కటే కాదు. "ఎడమకు లాగుతోంది" అని సగం మాటే నేను చెప్పాను. శ్రద్ధగా గమనించాక తెలిసిందేమిటంటే, బ్రేకు తొక్కిన క్షణంలో కారు కుడికి జరుగుతోంది, బ్రేకు వదిలాకే ఎడమకు లాగుతోంది.

ముందు ఎడమ చక్రానికి పోయే రబ్బరు హోస్ పైపు పైకి బాగానే ఉండి లోపల ఉబ్బి సన్నబడితే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. తొక్కినప్పుడు ఒత్తిడి ఆ వైపుకు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ముందుగా కుడి చక్రం పట్టి కారు కుడికి పోతుంది. వదిలినప్పుడు ఆయిల్ ఆ సన్నని దారిలో వెనక్కి రాలేక ఎడమ చక్రం ఇంకా పట్టుకునే ఉంటుంది కాబట్టి ఎడమకు పోతుంది. చూడటానికి ఇది పూర్తిగా స్టీరింగు జబ్బులా ఉంటుంది.

నిర్ధారించే పద్ధతి ఇది. ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలిపి, పెడల్ రెండుసార్లు గట్టిగా తొక్కి వదలండి. వెంటనే చక్రాన్ని చేత్తో తిప్పండి. అది తిరగకుండా బిగుసుకుని ఉంటే, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) వెనక ఉన్న బ్లీడర్ నిపుల్‌కు (గాలిని, ఆయిల్‌ను బయటికి వదిలే చిన్న మరకు) పారదర్శక పైపు తగిలించి, కొస సీసాలో ఉంచి, నిపుల్‌ను పావు మలుపు వదులు చేయండి. నా కారులో ఆ క్షణాన నల్లటి ఆయిల్ చివ్వుమని పైపులోకి ఎగిరింది, అప్పటిదాకా మొరాయించిన చక్రం వేలితో నెడితే తిరిగింది. ఒత్తిడి లోపల చిక్కుకుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అది ఒక్క చక్రంలోనే అయితే హోస్ పైపు మార్చాలి. ముందు చక్రాలు రెండూ అలాగే పట్టి ఉంటే మాస్టర్ సిలిండర్‌ను, దాన్ని నెట్టే కడ్డీ సర్దుబాటును అనుమానించాలి. నిపుల్ వదులు చేసినా చక్రం తిరగకపోతే ఒత్తిడి కారణం కాదు, కాలిపర్ పిస్టన్‌గానీ, కాలిపర్ జారే పిన్నులుగానీ తుప్పుతో బిగుసుకున్నాయి. హోస్ పైపులు కుడి ఎడమలకు జతగానే మార్చండి, వాటి రాగి వాషర్లు కొత్తవే వేయండి.

ఏ చక్రం పట్టి ఉందో తెలుసుకోవడానికి మరో దారి వేడి. పావుగంట నడిపి ఆపాక చక్రాల దగ్గరికి అరచేయి తీసుకెళ్లండి, తాకకండి. ఒక చక్రం దగ్గర సెగ మిగతా వాటికన్నా బాగా ఎక్కువగా తెలిస్తే అనుమానం అక్కడే.

చక్రాలు విప్పాక

ముందు చక్రాల దగ్గర ప్యాడు మందం చూడండి. కొత్తది దాదాపు 10 మి.మీ. ఉంటుంది, 3 మి.మీ.కు దిగితే మార్చాలి. ఒకే కాలిపర్‌లో లోపలి ప్యాడు అరిగి బయటిది కొత్తగా ఉంటే పిన్నులు జారడం లేదని అర్థం. వాటిని తీసి, తుడిచి, బ్రేకులకు వాడే ప్రత్యేకమైన గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది. డిస్కు అంచున మెట్టులా నిలిచిందా, గీతలు పడ్డాయా చూడండి. ఎంత మందం కన్నా తగ్గకూడదో చాలా డిస్కుల మీదే ముద్రించి ఉంటుంది. విప్పిన కాలిపర్‌ను హోస్ పైపుకు వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే పెడల్, స్టీరింగు రెండూ దడదడలాడితే డిస్కు మందం చుట్టూ ఒకేలా లేదని గ్రహించండి.

వెనక డ్రమ్ము తీసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి. పాత షూ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి లోపలి దుమ్మును నోటితోగానీ, గాలి పైపుతోగానీ ఊదకూడదు, తడి గుడ్డతో తుడవాలి. వీల్ సిలిండర్ (షూలను డ్రమ్ముకు నెట్టే భాగం) రెండు చివర్ల రబ్బరు టోపీని కొంచెం పైకెత్తి చూడండి. లోపల తడిగా ఉంటే అది కారడం మొదలైనట్టే. ఆయిల్ తగిలిన లైనింగును కడిగి వాడుకోవాలని చూడకండి. ఒక వైపు తడిసినా రెండు వైపుల షూలూ మార్చాలి.

వానాకాలంలో హైదరాబాద్ రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లలో నడిపి వచ్చి హ్యాండ్ బ్రేకు లాగి నిలిపితే, రెండు రోజుల తరవాత వెనక చక్రాలు కదలవు. షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోతాయి. నీళ్లలోంచి బయటికి రాగానే కొంతదూరం బ్రేకును మెల్లగా ఆనించి నడిపి ఆరబెట్టండి. సమతలంలో నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలి, గేరులో పెట్టి, చక్రానికి దిమ్మ పెట్టండి.

గాలి తీయడం

దీనికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో పెడల్ దగ్గర మా బావమరిది కూర్చుంటాడు, చక్రం దగ్గర నేనుంటాను. "తొక్కి పట్టు" అంటాను, "పట్టాను బావా" అన్నాకే నిపుల్ వదులు చేస్తాను. పెడల్ దిగిపోతుంది, బుడగలతో ఆయిల్ వస్తుంది. నిపుల్ బిగించాక "వదులు" అంటాను. నిపుల్ తెరిచి ఉండగా పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది కాబట్టి, మాటకు మాట బదులు పలకనిదే ఇద్దరిలో ఎవరూ కదలకూడదు. పాత మాస్టర్ సిలిండర్ అయితే పెడల్‌ను నేలదాకా పోనివ్వకుండా కింద చిన్న చెక్క ముక్క పెట్టండి. రోజూ రాపిడి లేని చోట లోపల తుప్పు ఉంటుంది, వాషర్లు అక్కడిదాకా పోతే చిరుగుతాయి.

మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు వరస. మన కార్లలో అది చాలావరకు వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ కారు పుస్తకంలో వేరేగా ఉంటే దాన్నే పాటించండి. ప్రతి నాలుగైదు తొక్కుళ్లకు డబ్బాలో ఆయిల్ నింపుతూ ఉండాలి. డబ్బా ఖాళీ అయితే పని మళ్లీ మొదటికి వస్తుంది. సీసాలో పట్టిన పాత ఆయిల్‌ను తిరిగి పోయకండి. తెరిచి నెలల తరబడి దాచిన కొత్త డబ్బా కూడా తేమ పీల్చి ఉంటుంది. ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే వ్యవస్థ) ఉన్న బండికి కొన్నిసార్లు స్కానర్‌తోనే గాలి తీయవలసి ఉంటుంది, అది వర్క్‌షాపు పని.

ఇక స్టీరింగు

బ్రేకులు సరిగ్గా ఉన్నాయని తేలాకే స్టీరింగుకు రావాలి. చక్రాలు నేల మీద నేరుగా ఉండగా కిటికీలోంచి చేయి పెట్టి స్టీరింగును రెండు వేళ్లతో అటూ ఇటూ కదపండి, కళ్లు ముందు టైరు మీద ఉంచండి. పవర్ స్టీరింగు ఉంటే ఇంజిన్ నడుస్తుండాలి. టైరు కదలకముందు స్టీరింగు అంచు రెండు వేళ్ల వెడల్పు దాటి ఊగుతుంటే ప్లే (వదులు) ఎక్కువైనట్టే. ఇప్పుడు ఇంజిన్ ఆపి, ఒకరిని లోపల కూర్చోబెట్టి స్టీరింగును కొద్దికొద్దిగా గబగబా అటూ ఇటూ ఆడించమనండి. మీరు ఒక్కో జాయింటును అరచేత్తో పట్టుకుంటూ రండి. కంటికి కనిపించని ఊగు చేతికి "టక్కు"మని తెలుస్తుంది. కాలమ్ (స్టీరింగు నుంచి కిందికి దిగే కడ్డీ) కింద ఉండే జాయింటు, ర్యాకును బాడీకి బిగించే బుష్‌లు, లోపలి టై రాడ్, బయటి టై రాడ్ ఎండ్ ఈ వరసలో చూడండి. ర్యాక్ చివర్ల రబ్బరు బెల్లో (ముడతల తొడుగు) చిరిగి ఉంటే లోపలికి బురద, నీరు పోయి ర్యాక్ అరుగుతుంది. చిన్న చిరుగు ఉన్నప్పుడే మారిస్తే ర్యాక్ మిగులుతుంది.

తరవాత చక్రం ఎత్తి, గడియారంలో 9, 3 ఉండే చోట్ల పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే టై రాడ్‌ల మీద అనుమానం. 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ఊపితే కదలిక తెలిస్తే చక్రం బేరింగుగానీ, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చేయి) బాల్ జాయింటుగానీ అయి ఉండాలి. ఈ రెంటినీ విడదీయడానికి ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఊగు ఆగిపోతే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోయి బండి అక్కడికక్కడే కూలబడుతుంది. దానిలో ఊగు కనిపిస్తే ఆ బండిని వర్క్‌షాపుకు కూడా నడపకండి, టో బండి పిలిపించండి.

లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు చిట్లితే బ్రేకు తొక్కినప్పుడు కింద "దబ్బు"మని వినిపించి కారు పక్కకు తిరుగుతుంది. మన స్పీడ్ బ్రేకర్లకు, గుంతలకు ముందుగా పోయేది ఇదే. నిలిపిన చోటే స్టీరింగు తిప్పుతుంటే స్ప్రింగు దగ్గర "టంగు"మంటే సస్పెన్షన్ పైభాగంలోని మౌంటు బేరింగు. స్టీరింగు పూర్తిగా తిప్పి బయలుదేరితే కటకటమంటే యాక్సిల్ జాయింటు. అది స్టీరింగు లోపం కాదు. బ్రేకుతో పని లేకుండా 80 కి.మీ. దగ్గర స్టీరింగు వణికి, వేగం మారితే తగ్గితే వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి.

స్టీరింగు బరువుగా ఉంటే ముందు చక్రాలు రెండూ ఎత్తి తిప్పి చూడండి. ఎత్తినా బిగువుగానే ఉంటే ర్యాక్, కాలమ్, బాల్ జాయింట్లలో ఏదో పట్టేసింది. ఎత్తగానే తేలికైతే టైర్ల గాలినీ, పవర్ స్టీరింగునూ చూడాలి. ఆయిల్‌తో నడిచే పవర్ స్టీరింగుకు ఆయిల్ మట్టం, బెల్టు బిగువు చూడాలి. కరెంటుతో నడిచేదానికి బ్యాటరీ, ఫ్యూజు, డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం చూడాలి.

టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు పాతది ఎన్ని మరలు లోపలికి ఉందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే తిప్పండి. నట్టుకు వేసే స్ప్లిట్ పిన్ కొత్తదే వాడండి. అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివరి పని. అరిగిన జాయింట్లు ఉండగా చేయిస్తే ఆ కొలతలు వారం కూడా నిలవవు. ముందు కొలతలు, తరవాత కొలతలు రెండూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి.

మెకానిక్‌కు ఎలా చెప్పాలి

అన్ని పనులూ ఇంట్లో కావు, చేయకూడదు కూడా. ఉస్తాద్ దగ్గరికి వెళ్లినప్పుడు భాగం పేరు చెప్పకండి, మీరు రాసుకున్నది చదివి వినిపించండి: "బ్రేకు తొక్కితే కుడికి, వదిలితే ఎడమకు లాగుతోంది, టైర్లలో గాలి సమానంగా ఉంది, పెడల్ జారడం లేదు." ఇంత చెబితే మంచి పనివాడు నేరుగా ఆ చక్రం దగ్గరికే వెళ్తాడు. తీసేసిన భాగాన్ని చేతికి ఇమ్మని ముందే అడగండి. రాణిగంజ్‌లో విడిభాగం కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి, బ్రేకు ప్యాడ్లు, షూలు, మాస్టర్ సిలిండర్ విషయంలో మాత్రం ధర తగ్గించుకోవాలని పేరులేని సరుకు కొనకండి. సొంత కారు రిజిస్ట్రేషన్‌ను 15 ఏళ్లు నిండాక 5 ఏళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి కాబట్టి ఆ బిల్లులు, కొలతల కాగితాలు ఒక కవరులో దాచుకోండి.

పని అయ్యాక

ప్యాడ్లు మార్చినప్పుడు కాలిపర్ పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటి రెండు మూడు తొక్కుళ్లకు పెడల్ ఖాళీగా పోతుంది. బండి కదలకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. సెల్లారులోనే నడక వేగంతో ఒకసారి ఆపి చూసి, తరవాత 20, 30 కి.మీ. దగ్గర ఆపి చూడండి. కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. నుంచి 10 కి.మీ.కు మోస్తరు బ్రేకుతో ఎనిమిది పదిసార్లు తగ్గించండి. మధ్యమధ్య చల్లబడనివ్వండి, వేడిగా ఉండగా పెడల్ తొక్కి పట్టి నిలపకండి. ఆ రాత్రి నాలుగు చక్రాల కింద, ఇంజిన్ కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి, తెల్లవారాక మరకలేమైనా పడ్డాయేమో చూడండి. చక్రాల నట్లను 50 నుంచి 100 కి.మీ. నడిచాక, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, ఎదురెదురు నట్ల వరసలో మరోసారి బిగించండి.